నర్సింలు ఫోన్‌లో నా బొటనవేలు

2022 వానాకాలం. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మధురానగర్ వైపు తిరిగే సందులో, కోచింగ్ సెంటర్ మెట్లకూ లేడీస్ హాస్టల్ గేటుకూ మధ్య ఇరుక్కున్న మొబైల్ రిపేర్ షాపు మాది. ఈ రోజు మీ చేతిలో ఉన్న ఫోన్‌కు వేలిముద్ర సెన్సార్ పక్క బటన్ మీద ఉందనుకోండి, అది అక్కడికి వెళ్లింది మా షాపు కౌంటర్ మీద నుంచే. నేను చెప్పాను, కంపెనీలు విన్నాయి. ఎలా చెప్పానో, వాళ్లు ఎంతవరకూ విన్నారో తర్వాత వస్తుంది. ప్రస్తుతానికి నమ్మి ముందుకు పదండి.

నా వయసు అరవై తొమ్మిది. తణుకు నుంచి హైదరాబాద్ వచ్చిన కొత్తలో రేడియోలు బాగుచేసేవాణ్ణి. తర్వాత టేప్ రికార్డర్లు, ఆ తర్వాత టీవీలు, చివరికి ఫోన్లు. వస్తువు చిన్నదవుతున్న కొద్దీ నా కళ్లద్దాలు మందమవుతూ వచ్చాయి. ఇప్పుడు మైక్రోస్కోప్ కింద బోర్డు పని అంతా మా షాపు భాగస్వామి పద్మదే. రాజమండ్రి అమ్మాయి, ముప్పై ఎనిమిదేళ్లుంటాయి, ఇదే అమీర్‌పేటలో రిపేరింగ్ కోర్సు నేర్చుకుని ఇక్కడే స్థిరపడింది. నన్ను ‘బాబాయ్ గారూ’ అంటుంది. గౌరవం కొద్దీ అంటుందని నా నమ్మకం, వయసు గుర్తు చేయడానికి అంటుందని మిగతావాళ్ల నమ్మకం. వచ్చినవాళ్లతో మాట్లాడటం, స్క్రీన్ గార్డులు అంటించడం, ఫోన్ చేతిలోకి తీసుకోగానే జబ్బు పేరు చెప్పేయడం నా వంతు. ఈ మూడో పనిలో నేను ఎన్నడూ తప్పలేదని రాయాలని ఉంది. రాయలేను, ఎందుకంటే ఈ కథ మొదలయ్యేదే అక్కడ.

సెన్సార్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మొదట్లో అది ఫోన్ ముందు భాగంలో, కింది బటన్ మీద ఉండేది. తర్వాత వెనక్కి పోయింది. ఫోన్ పట్టుకుంటే చూపుడు వేలు ఆనే చోట చిన్న గుంటలా ఉండేది, మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడి నుంచి స్క్రీన్ కిందకు దూరింది. దాన్ని ఇన్-డిస్‌ప్లే సెన్సార్ అంటాం. అద్దం కింద నుంచి వెలుగు వేసి వేలిని ఫోటో తీసినట్టు తీస్తుంది. పైన గుంట ఉండదు, గీత ఉండదు, అంతా నున్నగా ఉంటుంది. వెలుగుతున్న బొమ్మ చూసి వేలు పెట్టాలి. కొన్ని ఫోన్లలో మాత్రం పక్కనున్న పవర్ బటన్‌లోనే కూర్చుంది.

ఇందులో ఏది మంచిదని అడిగితే మనిషిని చూసి చెప్పేవాణ్ణి. కోచింగ్ క్లాసులో ఫోన్‌ను బల్ల మీద పెట్టి, సారు బోర్డు వైపు తిరిగినప్పుడు తెరిచే కుర్రాళ్లకు వెనక సెన్సార్ పగవాడు. పంజాగుట్ట చీరల షాపుల్లో ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ ఎత్తే అమ్మాయిలకు పక్క బటనే దిక్కు. పుస్తకంలా తెరుచుకునే ఫ్లిప్ కవర్లు వాడే మధురానగర్ గృహిణులకు ఫోన్ వెనక సెన్సార్ ఉందన్న సంగతే మూడేళ్లకు గానీ తెలియదు. ఒకావిడ దాన్ని పాడైపోయిన కెమెరా అనుకుని రోజూ పమిట చెంగుతో తుడిచేది.

ఇలా ఊరందరి వేళ్లకూ చోటు చెప్పిన నాకు, ఆ చోటు గురించి అసలేమీ తెలియదని తేల్చిన మనిషి నర్సింలు.

జూలైలో ఒక మధ్యాహ్నం, సన్నగా తుంపర పడుతోంది. కౌంటర్ మీదికి ఒక ఫోన్ వచ్చింది. మా వృత్తిలో మనిషి ముఖం కంటే ముందు ఫోన్ ముఖం చూస్తాం. బటన్ నొక్కాను. స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. లోపలి నుంచి మాత్రం అగ్గిపెట్టెలో చిక్కుకున్న కందిరీగలా ఏదో శబ్దం.

“డిస్‌ప్లే పోయిందండీ,” అన్నాను. “లోపల ప్రాణం ఉంది, పైన చీకటి. మార్చాల్సిందే, వేరే దారి లేదు.”

“పోలే సార్. నేనే బంద్ పెట్టిన.”

“మీరెందుకు బంద్ పెడతారండీ? చూసుకోవాలి కదా.”

“చూసేటోళ్లు పెట్టుకుంటరు. నాకు ఉన్నా గంతే, లేకున్నా గంతే. బంద్ పెడితే బ్యాటరీ మిగులుతది, పక్కోడు తొంగి చూడడు.”

అప్పుడు తలెత్తాను. నలభై అయిదేళ్ల మనిషి. ఇస్త్రీ మడత చెడని చొక్కా, చంకలో మడిచిన తెల్ల కర్ర, నా మాట వచ్చే వైపుకి కొంచెం వంచిన తల. నేను విన్నది కందిరీగ కాదు, స్క్రీన్ రీడర్. చూపు లేనివాళ్ల కోసం తెర మీద ఉన్నదంతా పైకి చదివే ఏర్పాటు అది. అలవాటైనవాళ్లు దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటారంటే మనకు ఒక్క అక్షరం అందదు.

పద్మ మైక్రోస్కోప్ మీద నుంచి కళ్లు తీయకుండానే, “బాబాయ్ గారూ, ఆ స్టూల్ ఇటు జరపండి, ఆయన కూర్చుంటారు,” అంది. ఆ గొంతులో నాకు వినిపించాల్సినదంతా వినిపించింది. స్టూల్ జరిపాను.

పేరు నర్సింలు, మాసబ్ ట్యాంక్‌లో ఒక ప్రభుత్వాఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తయిందని ఆఫీసువాళ్లు శాలువా కప్పి ఈ కొత్త ఫోన్ బహుమతిగా ఇచ్చారు. సరిగ్గా అదే వారంలో పాత ఫోన్ వానలో తడిసి చచ్చిపోయింది. పాతదానికి వెనక గుంట ఉండేది. కొత్తదానికి సెన్సార్ అద్దం కింద ఉంది.

“గింత నున్నగ ఉంటే ఏడ పెట్టాలె సార్ వేలు? చంటిపోరడి నొసట బొట్టు పెడుతుంటే తల తిప్పినట్టు, నేను పెట్టిన కాడ గది ఉండదు.”

“పిన్ నంబరు కొట్టొచ్చు కదండీ?”

“కొడితే గిది అంకెలన్నీ పైకి చదువుతది. బస్సుల కూసొని పిన్ కొట్టిననుకో, డ్రైవర్‌కు సుత ఎర్కైతది.”

“ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి మరి.”

“చెవులు మూసుకొని పంజాగుట్ట చౌరస్తా దాటమంటవా సార్? ముందు నువ్వు కండ్లు మూసుకొని దాటి చూపియ్యి. నేను నీ ఎనక వస్త.”

పద్మ నవ్వు ఆపుకోవడానికి బ్లోయర్ ఆన్ చేసింది. బోర్డు మీద టంకం కరిగించే వేడిగాలి మెషిన్ అది, శబ్దం బాగా వస్తుంది.

ఇంతవరకూ మామూలు ఇబ్బందే. అసలు సంగతి చెప్పడానికి ఆయన కాస్త సమయం తీసుకున్నాడు. ఫోన్ తెరవలేక ఆఫీసులో పక్క సీటు ఆయనను అడిగేవాడట, జర నా వేలు పట్టి గా జాగల పెట్టు అని. ఒకరోజు అలా పెట్టగానే ఫోన్ తెరుచుకుని, అప్పుడే వచ్చిన వాయిస్ మెసేజ్ మీద ఆ పక్క సీటాయన వేలు పడింది. హాలంతా వినిపించేట్టు ఒక ఆడగొంతు, “టిఫిన్ చేశారా నర్సింలు గారూ?” అంది.

“అయిపాయె సార్. గా దినం కెల్లి సూపరింటెండెంట్ కెల్లి వాచ్‌మన్ దాకా అందరు అదే. పొద్దుగాల గేటు కాడ అడుగుపెడితే టిఫిన్ చేశారా నర్సింలు గారూ. లంచ్ కాడ అదే. మీ ఆంధ్రోళ్ల యాసల సాగదీసి మరీ అంటరు.”

“ఎవరావిడ?”

“విజయ గారని. కాకినాడల సంగీతం టీచర్. రెండేండ్ల కింద ఒక ట్రైనింగుల కలిసినం. ఇండ్లల్ల ఇంకా ఎర్క లేదు.” గొంతు తగ్గించాడు. “ఆఫీసుల గిట్లయిందని నేనే చెప్పిన. దాస్తే మంచిగుండదు గదా. గామె ఒక్కటే అన్నది. ఇంకొకరి చెవిన నా గొంతు పడ్డదంటే ఇగ పంపనని. పొద్దుగాల గా ఒక్క మెసేజ్ లేకుంటే నాకు డ్యూటీ ఎక్కబుద్ధి కాదు సార్. నా ఫోన్ నేనే తెరుచుకోవాలె. ఇంకో వేలు వద్దు. గంతే నేనడిగేది.”

బ్లోయర్ ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. పద్మ స్టూల్ తిప్పుకుని మా వైపు కూర్చుని ఉంది.

ఇక నా ప్రతిభ. వేలికి చోటు తెలియాలంటే అక్కడ ఒక గుర్తు ఉండాలి. పక్కనే ఉన్న ఫ్యాన్సీ షాపుకు వెళ్లి నెయిల్ పాలిష్ సీసా తెచ్చాను. సెన్సార్ ఎక్కడుందో చూసి, సరిగ్గా దాని నడినెత్తిన, స్క్రీన్ గార్డు మీద ఒక చుక్క పెట్టాను. ఎర్ర రంగు.

“రంగుది ఎందుకు బాబాయ్ గారూ?” అంది పద్మ.

“అందంగా ఉంటుంది.”

“ఎవరికి?”

సీసా మూత బిగించాను. చుక్క ఆరింది. నర్సింలు వేలు దాన్ని ఒక్క క్షణంలో పట్టుకుంది, ముఖం వెలిగింది. నొక్కాడు. తెరుచుకోలేదు. మళ్లీ నొక్కాడు. లేదు. కింద నుంచి వెలుగు వేసి పైన ఆనినదాన్ని చూసే సెన్సార్ అది. ఆయన వేలికి బదులు నా నెయిల్ పాలిష్‌ను చూస్తోంది, గుర్తుపట్టడం లేదు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మెకానిక్ చేయాల్సిన తప్పు కాదు. అనుభవం నలభై అని ఇంతకుముందు రాయలేదు కదా, ఇప్పుడు రాశాను. ఫోన్ల వరకూ లెక్కపెడితే పదహారు.

“గుర్తు పైకి కాదు, లోపలికి పెట్టండి,” అంది పద్మ.

ఆ మాట వినగానే నాకు మెరుపులా ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన నాదే. పద్మ పైకి అన్నది, నాకు వచ్చింది.

మా షాపులో ఫిల్మ్ కటింగ్ మెషిన్ ఉంది. ప్రింటర్ లాంటిదే, కానీ సిరా బదులు సన్నటి కత్తి ఉంటుంది. పారదర్శకమైన షీట్ పెట్టి ఫోన్ మోడల్ ఎంచుకుంటే ఆ కొలతకు గార్డు కోసి ఇస్తుంది. కెమెరా దగ్గర రంధ్రం వదిలినట్టే, సెన్సార్ దగ్గర కూడా బొటనవేలు పట్టేంత గుండ్రటి రంధ్రం వదిలేలా కొలత మార్చాము. చుక్క పెట్టిన గార్డు పీకేసి, మందమైన షీట్ కోసి అంటించాము. అద్దమంతా ఒక ఎత్తు, ఆ గుండ్రం ఒక్కటే లోతు. వేలు జారుతూ వచ్చి దానంతటదే అందులో పడి ఆగుతుంది.

నర్సింలు తన పిన్ తనే కొట్టి సెట్టింగ్స్ తెరిచి ఇచ్చాడు. లోపలున్న పాత వేలిముద్ర తీసేసి, మా పద్ధతి ప్రకారం ముందు నా బొటనవేలు ఎక్కించి, పదిసార్లు పెట్టి తీసి, సెన్సార్ పనిచేస్తోందని తేల్చుకున్నాను. ఆ తర్వాత ఆయన రెండు బొటనవేళ్లూ ఎక్కించాను.

ఆయన మొదటిసారి తనంతట తాను ఫోన్ తెరిచాడు. మూసి మళ్లీ తెరిచాడు. కౌంటర్ కింద పెట్టి తెరిచాడు. వీపు వెనక పెట్టుకుని తెరిచాడు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు, లోపల కందిరీగ మోగింది.

“జేబులనే తెరుచుకుంటుంది సార్,” అన్నాడు. “అక్కా, విన్నవా? జేబులనే.”

తుంపరలో కర్ర విదిల్చి తెరిచి, మెట్రో వైపు వెళ్లిపోయాడు. సందు మలుపు దాకా ఆయన జేబులోంచి ఆ శబ్దం ఆగి ఆగి వినిపిస్తూనే ఉంది.

ఇక్కడ ఆగి, మొదట్లో అన్న మాట సంగతి తేల్చాలి. నర్సింలు వెళ్లాక నాకు జ్ఞానోదయమైంది. కన్ను సాయం లేకుండా వేలు తనంతట తాను చేరే చోటే సెన్సార్‌కు చోటు, అది పక్క బటనే అని. రెండు రోజులకు ఒక ఫోన్ కంపెనీ సేల్స్ రిప్రజెంటేటివ్ పోస్టర్లు అంటించడానికి వస్తే కూర్చోబెట్టి, మిర్చి బజ్జీలు తెప్పించి, అరగంట పాటు ఇదంతా బోధించాను. మీ పైవాళ్లకు చెప్పు, అందరికీ పక్కన పెట్టమను అన్నాను. అతను బుద్ధిగా తల ఊపాడు, పోస్టర్ వెనక ఏదో రాసుకున్నాడు కూడా. వెళ్లాక పోస్టర్ మూల ఊడదీసి చూస్తే అది సందు చివర బిర్యానీ హోటల్ ఫోన్ నంబరు. పోస్టర్ మా గోడకే అంటించి పోయాడు. పైగా నేను ఆ బోధ చేస్తున్న సమయానికి పక్క బటన్ సెన్సార్ ఉన్న ఫోన్లు మా షోకేస్‌లోనే నాలుగు ఉన్నాయని పద్మ అంటుంది. అది అబద్ధం. మూడే ఉన్నాయి.

పదిహేను రోజులు గడిచాయి. చెమ్మకు గార్డు అంచు లేచిందని నర్సింలు మళ్లీ వచ్చాడు. ఈసారి ముఖం వేరుగా ఉంది. మనిషి కొంచెం లావయ్యాడు కూడా. ఆఫీసులో ఇంకా ఏడిపిస్తున్నారా అని అడిగితే, “అంటుండ్రు. అననీ. నా ఫోన్‌ల ఏమున్నదో మాత్రం ఎవనికీ ఎర్క లేదు,” అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

అంచు చూద్దామని ఫోన్ తిప్పి పట్టుకున్నాను. నేనే కోయించిన గుంట, నేనే మెచ్చుకున్న గుంట. నా బొటనవేలు జారుతూ వచ్చి దానంతటదే అందులో పడి ఆగింది. ఫోన్ తెరుచుకుంది. కందిరీగ మోగింది.

పరీక్ష కోసం ఎక్కించిన నా వేలు తీసేయడం మర్చిపోయాను. రిపేర్ షాపుల్లో మాత్రమే జరిగే తప్పు ఇది. డాక్టరు కడుపులో కత్తెర మర్చిపోతే పేపర్లో వస్తుంది. మేము ఫోన్లో వేలు మర్చిపోతే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ వేలు మళ్లీ ఆ ఫోన్ దాకా రాదు. ఇది వచ్చింది.

ఆ క్షణంలో దాచాలనే ఆలోచన నాకు రానే లేదు. ఫోన్ కౌంటర్ మీద పెట్టి, గొంతు సవరించుకుని, “నర్సింలు గారూ, నా వల్ల ఒక తప్పు జరిగింది,” అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. వయసులో పెద్దవాణ్ణి అయినా తప్పు ఒప్పుకోవడానికి వెనకాడలేదు. వృత్తిధర్మం అంటే అదే.

ఆయన కౌంటర్ మీద వేళ్లతో తడిమి ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు.

“ఎన్ని దినాలాయె?”

“పదిహేను.”

“విన్నవా ఏమన్న?”

“ఫోన్ మీ దగ్గరే కదండీ ఉంది. నేనెలా వింటాను?”

“గది నాకెర్కే. నేనడిగేది గది గాదు.” స్టూల్ మీద నుంచి లేచాడు. “నా వేలు తప్ప ఇంకో వేలుకు తెరుచుకోదని గామెకు ఒట్టేసి చెప్పిన. గామె నమ్మింది. పదిహేను దినాల సంది పొద్దుగాల మెసేజ్ వస్తున్నది. ఇప్పుడు నేనేం చెప్పాలె?”

“చెప్పకపోతే ఆవిడకు తెలియదు కదా,” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“నాకు తెలుసు గదా సార్.”

పద్మ వచ్చి నా పక్కన నిలబడింది. ఫోన్ ఆయనతోనే తెరిపించి, సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ‘వేలిముద్ర ఒకటి’ అన్నదాన్ని తీసేసింది. జాబితా మొత్తం స్క్రీన్ రీడర్‌తో చదివించింది. వేగం తగ్గించి మరీ. రెండు ఉన్నాయని ఫోన్ తన నోటితో చెప్పింది. నర్సింలు తన రెండు బొటనవేళ్లనూ ఒకదానితో ఒకటి రాసుకున్నాడు.

“తీసేసుడు అయింది. చెప్పుడు మిగిలింది,” అన్నాడు. “నువ్వే చెప్పాలె సార్. నీ వేలు గద. నీ నోటితోనే చెప్పు.”

వాయిస్ మెసేజ్ బటన్ పట్టుకుని ఫోన్ నా నోటి దగ్గర పెట్టాడు. ఎన్నడూ చూడని మనిషికి, కాకినాడలో సంగీతం టీచర్‌కి, నేను సంజాయిషీ ఇవ్వాలి. గొంతు సవరించుకున్నాను.

“అమ్మా, నమస్కారం. నేను అమీర్‌పేటలో నలభై ఏళ్లుగా ఎలక్ట్రానిక్స్ రంగంలో విశేష అనుభవం ఉన్న...”

నర్సింలు వేలు తీసేశాడు. “నీ బయోడేటా అడగలే సార్ గామె.”

రెండోసారి. “అమ్మా, సాంకేతిక కారణాల వల్ల, ఇన్-డిస్‌ప్లే సెన్సార్ పరీక్షా విధానంలో చోటు చేసుకున్న చిన్న...”

ఈసారి పద్మ ఫోన్‌ను పక్కకు జరిపింది. “బాబాయ్ గారూ, ఏంటిది? రైలు ఆలస్యానికి అనౌన్స్‌మెంటా? ఏం చేశారో చెప్పండి. అంతే.”

మూడోసారి షాపులో ఫ్యాన్ కూడా ఆపేసింది. రోడ్డు మీద ఒక ఆటో హారన్ తగ్గేదాకా ఆగాము. అప్పుడు అన్నాను:

“అమ్మా, నర్సింలు గారి ఫోన్‌లో నా వేలు ఉండిపోయింది. తీయడం నేను మర్చిపోయాను. ఆయనకు తెలియదు. మీ మాట ఒక్కటి కూడా నేను వినలేదు. ఇప్పుడు తీసేశాం. తప్పు నాది.”

ఇది వెళ్లిపోయింది. నా జీవితంలో నా గురించి నేను ఇంత పొట్టిగా మాట్లాడటం అదే మొదలు.

జవాబు వెంటనే రాలేదు. టీ తెప్పించాను. ఎవరూ తాగలేదు. క్లాసు వదిలి కుర్రాళ్లు గుంపుగా మెట్లు దిగారు, ఒకడు ఛార్జర్ కేబుల్ అడిగాడు, పద్మ లేదని పంపేసింది. వందకు పైగా కేబుళ్లు వాడి తలకు తగులుతూ వేలాడుతున్నాయి. నర్సింలు ఫోన్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, రోడ్డు వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. ఇక రేపటి నుంచి పొద్దున ఆయన జేబులో ఆ గొంతు లేకపోతే, దానికి కారణం నా బొటనవేలు. దాన్ని గుప్పిట్లో దాచుకుని నేనూ కూర్చున్నాను.

టీ మీద మీగడ కట్టాక ఫోన్ ఒకసారి వణికింది. ఆయన లేచి, మూడడుగులు వేసి, షట్టర్ పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బొటనవేలు గుంటలో పెట్టాడు. ఫోన్ చెవికి ఎంత గట్టిగా అదుముకున్నాడంటే, తీసేసరికి చెంప మీద అచ్చు పడింది. మెసేజ్ ఒకసారి విన్నాడు. మళ్లీ పెట్టుకుని విన్నాడు. రెండోసారి భుజాలు కదిలాయి. నవ్వో మరొకటో నాకు తెలియలేదు.

తిరిగి వచ్చాక అడిగాను, “ఏమన్నారండీ?”

“గది నీకెందుకు సార్?”

నిజమే. నాకెందుకు?

స్టూల్ మీద కూర్చుని చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, పద్మ వైపు తిరిగాడు. “అక్కా, గా గుంట గార్డు ఇంకోటి కోసి పెట్టు. గామె ఫోన్‌కు సుత అద్దం కిందనే ఉన్నదట, గామెకు సుత మస్తు తిప్పలైతున్నదట. మోడల్ నంబరు చెప్త రాసుకో. కాకినాడ పంపాలె.”

ఆవిడకు కూడా చూపు లేదన్న సంగతి అప్పుడు గానీ మాకు తెలియలేదు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మేము అడగలేదు. పద్మ మెషిన్‌లో కొత్త షీట్ పెట్టింది. గార్డును అట్టముక్కల మధ్య పెట్టి ప్యాక్ చేసి, ఎలా అంటించాలో మాటల్లో చెప్పి రికార్డు చేసి పంపింది. నన్ను మాట్లాడనివ్వలేదు.

ఈ కేసు నాకు నేర్పినది రోజూ కౌంటర్ దగ్గర ఆచరిస్తున్నాను. పరీక్ష కోసం వేలు ఎక్కిస్తే, కస్టమర్ కళ్ల ముందే తీసేస్తాను, లోపల ఎన్ని వేలిముద్రలున్నాయో వాళ్ల చేతే లెక్కపెట్టిస్తాను. చాలామంది విసుక్కుంటారు, ఒకాయన నన్ను అనుమానంగా చూసి ఫోన్ లాక్కుని వెళ్లిపోయాడు. ఫరవాలేదు. సెన్సార్ ఎక్కడ ఉన్న ఫోన్ కొనాలి అని అడిగితే ఇప్పుడు మనిషిని చూసి చెప్పడం మానేశాను. కళ్లు మూసుకుని ఫోన్ పట్టుకోమంటాను. వేలు ఎక్కడ ఆగితే అక్కడున్నది కొనుక్కోమంటాను. ఎవరి వేలు లోపల ఉండాలన్నది మాత్రం షాపువాడు తేల్చే విషయం కాదు. అది తెలియడానికి నాకు పదహారేళ్లు పట్టింది. సరే, నలభై.

ఇది రాసి పూర్తిచేశాక, అచ్చుకు పంపే ముందు నర్సింలుకు వినిపించడం ధర్మం అనిపించింది. పోయినవారం ఇద్దరూ వచ్చారు, ఆయనా విజయ గారూ. ఎస్.ఆర్. నగర్‌లో కాపురం పెట్టి ఏడాది దాటింది. కౌంటర్ ముందు చెరో స్టూల్ మీద కూర్చోబెట్టి మొదటి నుంచి చదివాను. నెయిల్ పాలిష్ దగ్గర విజయ గారు నవ్వారు. బయోడేటా దగ్గరికి ఇంకా రానే లేదు. ‘నర్సింలు గారూ, నా వల్ల ఒక తప్పు జరిగింది’ అన్న వాక్యం, వృత్తిధర్మం సంగతీ, కాస్త నెమ్మదిగా, గొంతు దించి చదివాను. నర్సింలు చెయ్యెత్తాడు.

“ఆగు సార్. గది నువ్వు చెప్పినవా?”

“చెప్పలేదా?”

“ఫోన్ మోగంగనే నేనడిగిన, ఎవరి వేలు గదని. నువ్వేమన్నవ్? వానాకాలంల చెమ్మకు ఫోన్లు వాటంతటవే తెరుచుకుంటయ్ అన్నవ్. అప్పుడు నేను నీ చెయ్యి పట్టుకొని, నీ బొటనవేలు మళ్ల గా గుంటల పెట్టిన. మళ్ల తెరుచుకుంది. గప్పుడు ఒప్పుకున్నవ్. గట్ల రాయి.”